బధిరులు - టెలిఫోను సౌకర్యము

సికిందరాబాదు నుండి మేడ్చల్ పోవు బాటలో, దేవరయాంజాల్ కడ, 108 అంబులెన్సు సేవకు ప్రధాన స్థానమైన ఆవరణము కలదు. 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో ఈ సేవ ప్రారంభమైనది. తరువాత అనేక రాష్ట్రములకు వ్యాపించినది. మేడ్చల్ మండలములోని రావల్కోల్ గ్రామమునకు ఆ ఆవరణము ఇంచుమించు ఇరుగుపొరుగు వంటిది. ఆ ఊరిలో ఎవరికేని పాము కరచినను, పురిటినొప్పులు వచ్చినను, బాటమీద బండి తల్లక్రిందులైనను ఇంటివారికి మొదట స్ఫురించునది ఆ మూడంకెల సంఖ్యయే. పలక పట్టని పిల్లవానికి సైతము అది నోటికి వచ్చును.

ఇపుడు ఆ ఊరిలో ఒక ఇంటిని ఊహింతము. భార్యాభర్తలిద్దరే ఉన్నారు, బిడ్డలు నగరమున ఉద్యోగములు చేసికొనుచున్నారు. ఆమెకు పుట్టుచెవుడు, మాట రాదు. అర్ధరాత్రి భర్తకు గుండెలో నొప్పి వచ్చి, చెమటలు పట్టి, నోట మాట పడిపోయినది. సెల్‌ఫోను తలగడ ప్రక్కనే ఉన్నది. అంకెలు ఆమెకు తెలియును, నొక్కినది. ఆవలివారు పలికిరో లేదో ఆమెకు తెలియదు. పలికినవారు ఏ ఊరు, ఎవరికి ఏమైనది, తెలివి ఉన్నదా అని వరుసగా అడుగుదురు. ఆమెకు ఒక్క మాటయు వినబడదు. ఆమె గొంతు పెగల్చుకొని చేసిన ధ్వని వారికి అర్థము కాదు. ఒకవేళ ఏ దైవానుగ్రహము చేతనో బండి బయలుదేరినదనుకొందము. ఊరి మొగకు వచ్చిన తరువాత దానిలోని సిబ్బంది మరల ఫోను చేసి, గుడి దాటిన పిదప కుడికా, ఎడమకా అని అడుగుదురు. ఆ ప్రశ్నయు ఆమె చేతిలోనే మ్రోగి ఆగిపోవును. ఇక ఆమెకు మిగిలినది భర్తను ఒంటరిగా విడిచి, చీకటిలో పొరుగువారి తలుపు బాదుట.

ఆ సేవను నిందించుటకు మేము ఈ ఉదాహరణమును చెప్పుట లేదు. అది లెక్కలేనన్ని ప్రాణములను నిలిపినది. కాని పిలిచెడి మనిషికి చెవియు, గొంతును ఉండునను నమ్మకము మీద దాని ఏర్పాటంతయు నిలిచి ఉన్నది. పోలీసులను, అగ్నిమాపక దళమును పిలుచు ఏర్పాట్లు కూడ మొదట అట్లే ఏర్పడినవి. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వినికిడి లోపము గలవారు 50 లక్షలకు పైబడి ఉండిరి; మాట లోపము గలవారు దాదాపు 20 లక్షలు. వయసు మీరి చెవులు మందగించినవారు పెక్కుమంది తమను తాము ఈ లెక్కలో చేర్చుకొనరు. "కొంచెము గట్టిగా చెప్పు నాయనా" అని సరిపెట్టుకొందురు.

రేడియో ముందు ఇంటిల్లపాది కూర్చుండి వినుచుండగా, ఒక మూల ఈ పత్రికను చదువుకొను తాతగారో పిన్నమ్మయో కొన్ని ఇండ్లలో ఉందురు. ప్రసంగములను అచ్చువేయుట వలన వారికి కలుగు మేలు మేము ఎరుగుదుము. పలికిన మాటను అక్షరముగా మార్చి కంటికి అందించుటలో వింత ఏమియు లేదు. టెలిఫోను విషయమున చేయవలసినదియు మూలమున అదే. అయితే ఆ సంభాషణ రెండు దిక్కుల నడవవలెను, అప్పటికప్పుడు నడవవలెను. చిక్కంతయు అచ్చటనే ఉన్నది.

టెలిఫోనును కనుగొన్న అలెగ్జాండర్ గ్రాహం బెల్ బధిరులకు ఉపాధ్యాయుడు. ఆయన తల్లికి వినికిడి బహు స్వల్పము. 1871 నుండి బోస్టను నగరమున ఆయన బధిర బాలురకు మాటలు నేర్పెడివాడు. ఆయన పెండ్లాడిన మేబెల్ హబ్బర్డు చిన్ననాటనే జ్వరము తగిలి వినికిడిని పోగొట్టుకొన్న స్త్రీ. ధ్వనిని తీగమీద పంపవలెనను పట్టుదలకు ఈ పరిచయము చాలవరకు కారణము. అయినను 1876లో ఆయన సాధించిన యంత్రమును ఆయన తల్లిగాని భార్యగాని ఉపయోగించుకొనలేకపోయిరి. బధిరులు సైగలు మాని పెదవుల కదలికను చూచియే మాట గ్రహింపవలెనని ఆయన వాదించెను. 1880లో మిలాను నగరమున జరిగిన ఉపాధ్యాయ మహాసభ కూడ అదే తీర్మానించెను. ఆ తీర్మానము వలన ఎన్నో తరముల బధిర బాలురు పాఠశాలలలో తమ సహజమైన సైగల భాషకు దూరమైరి. 2010లో వాంకూవరులో కూడిన మహాసభ ఆ తీర్మానమును నిరాకరించినది. ఇన్నేండ్లు పట్టవలసిన పని కాదని మా అభిప్రాయము.

విచిత్రమేమనగా, టెలిఫోనుకన్న ముందు వచ్చిన తంతి వార్త బధిరునికి, వినువానికి సమానముగా పనికివచ్చెడిది. కాగితము మీద వ్రాసి ఇచ్చిన చాలును. ఆవలి ఊరిలో కాగితము మీదనే అందెడిది. మన దేశమున ఆ సేవ 2013 జూలైలో ముగిసినది. 1980ల తరువాత వీధి వీధిన పసుపుపచ్చని పలకలతో వెలసిన ఎస్.టి.డి. బూతులలో బధిరునికి అంత సమానత్వము లేకుండెను. ఈ బూతులను నడుపుటకు అనుమతి ఇచ్చునపుడు వికలాంగులకు ప్రాధాన్యము ఇచ్చెడివారు. కాలు లేనివారికి, చూపు లేనివారికి ఆ గాజు గది కూడు పెట్టినది. అది మంచి పని. కాని ఆ గదిలోనికి బధిరుడు వచ్చినచో చీటీ వ్రాసి ఇచ్చి, బూతులోని వానిచేత మాటలాడించుకొనుట తప్ప వేరు దారి లేకుండెను. కొడుకు ఉద్యోగము పోయిన సంగతియు, కూతురి కాపురపు సంగతియు వరుసలో నిలుచున్న వారందరి చెవిని పడవలసినదే. ఇప్పుడు ఆ బూతులును దాదాపుగా కనుమరుగైనవి. అయినను ఆ చీటీ పద్ధతిలోనే రాబోవు పరిష్కారము ఇమిడి ఉన్నది. వినగలవాడొకడు నడుమ నిలిచి మాటను అక్షరముగను, అక్షరమును మాటగను మార్చినచో బధిరుడు ఎవరితోనైనను టెలిఫోనులో సంభాషింపవచ్చును.

ఈ నడిమి మనిషికి ముందు యంత్రము వచ్చినది. అమెరికాలో రాబర్టు వైట్‌బ్రెక్టు అను భౌతిక శాస్త్రజ్ఞుడు బధిరుడు. ఆయన మిత్రుడు జేమ్స్ మార్‌స్టర్సు దంతవైద్యుడు, ఆయనయు బధిరుడే. తంతి కార్యాలయములు పాతవని తీసివేసిన టెలిటైపు యంత్రములను టెలిఫోనుకు జతపరచిన ఎట్లుండునని వారు యోచించిరి. 1964లో వైట్‌బ్రెక్టు ఒక పరికరమును తయారుచేసెను. టెలిఫోను చేతిపిడిని దాని మీద పెట్టవలెను. టైపు చేసిన ప్రతి అక్షరమును అది కూతలవంటి ధ్వనులుగా మార్చి తీగలో పంపును. ఆవలి పరికరము ఆ కూతలను మరల అక్షరములుగా కాగితముపై ముద్రించును. ఇద్దరు ఒకేమారు టైపు చేసినచో అంతయు కలగాపులగమగును. అందుచేత తన వంతు ముగియగానే, ఇక మీరు చెప్పుడని తెలుపుటకు జి.ఎ. అను రెండక్షరములు కొట్టు మర్యాద ఏర్పడినది. ఆ యంత్రము మంచముకోడు వలె బరువైనది, గలగల చప్పుడు చేయునది. చప్పుడు వలన దానిని వాడువారికి బాధ లేదు గదా!

అయితే ఇరువైపుల యంత్రము ఉన్ననే ఆ సంభాషణ సాగును. వైద్యుని ఇంట, బ్యాంకులో, కిరాణా దుకాణమున అట్టి యంత్రము ఉండదు. అందుచేత నడిమి మనిషి అవసరమైనాడు. ఇంగ్లీషున రిలే అనబడు ఈ సేవను మనము సంధాన సేవ అనుకొందము. బధిరుడు సంధాన కేంద్రమునకు టైపు చేయును. అచ్చటి ఉద్యోగి ఆవలివానికి ఫోను చేసి ఆ మాటలను చదివి వినిపించును. అతడు చెప్పిన జవాబును టైపు చేసి బధిరునికి పంపును. అమెరికాలో 1990వ సంవత్సరపు చట్టము దీనిని టెలిఫోను కంపెనీల విధిగా నిర్ణయించినది. 1993 జూలై 26 నాటినుండి దేశమంతట, రాత్రింబవళ్ళు, మామూలు ఫోను ధరకు మించకుండ ఈ సేవ అందవలెనని శాసించినది. ఉద్యోగి విన్నది బయట చెప్పరాదు, వ్రాసి దాచుకొనరాదు, ఒక మాటనైనను మార్చి చెప్పరాదు. కోపముతో తిట్టినను ఆ తిట్టును యథాతథముగా అందింపవలసినదే. బూతులోని చీటీకిని దీనికిని గల భేదము ఈ నియమములలో ఉన్నది.

అందరి అవసరము ఒక్కటి కాదు. నడివయసున చెవుడు వచ్చినవారికి మాట స్పష్టముగానే ఉండును. వారు స్వయముగా మాటలాడి, జవాబును మాత్రము చదువుకొందురు. వినగలిగియు మాట రానివారు దానికి విపర్యయముగా టైపు చేసి, జవాబును చెవితో విందురు. పక్షవాతము వలన నాలుక తడబడువారు, గొంతులో శస్త్రచికిత్స జరిగి కంఠమునకు యంత్రమును ఆనించి మాటలాడువారు మరియొక తెగ. వీరి గొంతు విని, ఏదో తుంటరి ఫోను అనుకొని ఆవలివారు పెట్టివేయుట తరచు జరుగును. అస్పష్టమైన మాటను గ్రహించుటలో ప్రత్యేక శిక్షణ పొందిన ఉద్యోగి ఒకరు వారి మాటను వారి వెంటనే స్పష్టముగా తిరిగి పలుకు సేవ 2001 నుండి అమెరికాలో ఉన్నది. ఇందులకు యంత్రమేమియు అక్కరలేదు. ఓపిక గల చెవి ఉన్న చాలును.

వినికిడి యంత్రము ధరించువారి విషయమున ఒక చిన్న సంగతి చెప్పవలసి ఉన్నది. పాతకాలపు టెలిఫోను చేతిపిడిలో అయస్కాంతమును, తీగచుట్టయు ఉండెడివి. మాటకు తగినట్లు ఆ చుట్టలో విద్యుత్తు హెచ్చుతగ్గులగునపుడు కొంత అయస్కాంత ప్రభావము వెలుపలికి చిందెడిది. వినికిడి యంత్రములో మరియొక చిన్న తీగచుట్టను అమర్చినచో, అది ఆ ప్రభావమును పట్టి, గదిలోని రొద ఏమియు లేకుండ మాటను మాత్రమే చెవికి అందించును. కొన్ని వినికిడి యంత్రముల మీద టి అను గుర్తు దీనికొరకే. తరువాత వచ్చిన కొన్ని చేతిపిడులలో ఆ ప్రభావము చాలనంత తగ్గిపోయెను. అందుచేత 1988లో అమెరికా ప్రభుత్వము టెలిఫోనులు వినికిడి యంత్రములకు అనుకూలముగా ఉండి తీరవలెనని చట్టము చేసినది. మన ఇండ్లలో వినికిడి యంత్రము కొన్న పెద్దలు ఫోను వచ్చినపుడు దానిని తీసి బల్లమీద పెట్టుట చూచుచునే ఉందుము. కొనునపుడే ఈ టి సంగతిని అడిగి తెలిసికొనుట మంచిది.

సెల్‌ఫోను వచ్చిన తరువాత ఈ గోల ఏల, ఎస్.ఎం.ఎస్. పంపరాదా అని కొందరు అడుగుదురు. పంపవచ్చును. బధిరుల జీవితమున ఎస్.ఎం.ఎస్., ఆ తరువాత వాట్సాప్ తెచ్చిన మార్పు చాల గొప్పది. కాని అత్యవసర వేళకు ఎస్.ఎం.ఎస్. సరిపడునంత నమ్మకమైనది కాదు. అది నడుమ నిలువ ఉండి పోవు ఉత్తరము వంటిది. తత్‌క్షణమే చేరునను హామీ లేదు. మరి తెలుగుతో వేరొక చిక్కు ఉన్నది. ఒక సందేశమున ఇంగ్లీషు అక్షరములైనచో 160 పట్టును. తెలుగున వ్రాసినచో సాధారణముగా 70 స్థానములు మాత్రమే. అందులోను గుడికొక స్థానము, పొల్లుకొక స్థానము. చూచుటకు నాలుగు అక్షరములుగా కనబడు "రావల్కోల్" అను పేరు తొమ్మిది స్థానములను ఆక్రమించును. మండలము, ఊరు, వీధి, రోగి సంగతి వ్రాయునప్పటికి ఒక సందేశము నిండి రెండవది మొదలగును. వణుకుచున్న వ్రేళ్ళతో ఆమె అంతయు వ్రాసినను, అంబులెన్సును పంపువారు మరల అడుగవలసిన ప్రశ్నలు మిగిలియే ఉండును. టైపు చేయుచున్న అక్షరములు ఒక్కొక్కటిగా అప్పుడే ఆవలివానికి కనబడు పద్ధతి వేరొకటి కలదు. వాక్యము పూర్తి కాకముందే అవతలివారు విషయము గ్రహింతురు. అమెరికాలో 2016లో దీనికి నియమములు చేసిరి. అత్యవసర సేవకు ఇదియే తగినదని మా నమ్మకము.

అన్నిటికన్న ముఖ్యమైన సంగతిని వినువారు తరచు మరచెదరు. పుట్టుకతో చెవుడు గలవారికి వ్రాత తెలుగు కూడ పరభాష వంటిదే. చెవిని పడని భాషను కంటితో మాత్రమే నేర్చుకొనుట ఎంత కష్టమో యోచింపుడు. వారి సొంత భాష సైగల భాష. దానికి సొంత వ్యాకరణము కలదు. మన విభక్తులు, క్రియలకు చేరు ప్రత్యయములు దానిలో లేవు. చేతుల స్థానము, కదలిక, ముఖభావము ఆ పనిని చేయును. అట్టి వ్యక్తిని, వ్రాసి చెప్పుమనుట మనలను ప్రాణాపాయ వేళ పరభాషలో చెప్పుమన్నట్లే. వారికి కావలసినది దృశ్య సంధానము. బధిరుడు ఫోనులోని కెమెరా ముందు సైగ చేయును. కేంద్రములోని దుబాసీ దానిని చూచి ఆవలివానికి తెలుగులో చెప్పును. ఇంగ్లండు మొదలుగా గల బ్రిటను దేశములందు 2022 జూన్ 17 నుండి 999 అను అత్యవసర సంఖ్యకు బ్రిటిష్ సైగల భాషలో ఇట్లు పిలుపు చేయు సౌకర్యము ఏర్పడినది. జపాను 2020లో చట్టము చేసి, 2021 జూలై 1 నుండి అక్షరములతోను, సైగలతోను సంధాన సేవను ప్రజాసేవగా నడుపుచున్నది. దాని ఖర్చును టెలిఫోను కంపెనీలు భరించును. వాడుకదారుని మీద పడు భారము ఏడాదికి కొద్ది యెన్లు మాత్రమే.

యంత్రమే మాటను విని అక్షరములుగా మార్చు సాధనములును వచ్చినవి. వానిలో కొన్ని తెలుగును గుర్తించును. ఇంటిలో, బడిలో అవి బాగుగనే ఉపకరించును. కాని మన ప్రాంతపు పలుకుబడియు, ఊర్ల పేర్లును వాటికి కొరుకుడు పడుట కష్టము. గౌడవెల్లిని మరియొక ఊరుగా వ్రాసినచో సంభాషణలో నవ్వుకొని దిద్దుకొందుము. అంబులెన్సు విషయమున ఆ పొరపాటునకు అవకాశము ఇయ్యరాదు. కొంతకాలము వరకైనను నడుమ మనిషి ఉండవలసినదే.

మన దేశమున జరిగినదేమి? వికలాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. సమాచార సాధనములు వికలాంగులకు అందుబాటులో ఉండునట్లు చూచుట ప్రభుత్వముల విధి అని అది చెప్పుచున్నది. టెలికాం నియంత్రణ సంస్థ 2018 జూలైలో ఈ విషయమై ప్రభుత్వమునకు సిఫారసులను సమర్పించినది. అందుబాటు ప్రమాణములు పాటించిన మంచిది అనుటతో ఆగరాదు, పాటించి తీరవలెనని సుప్రీం కోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పినది. డిజిటల్ సేవలు అందుట జీవించు హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న మరియొక తీర్పు వెలువరించినది. న్యాయము పుస్తకములోనికి చేరినది. ఇంటిలోని ఫోనువరకు రావలసి ఉన్నది.

అత్యవసర సంఖ్యల విషయమున కొంత పని జరిగిన మాట నిజము. పోలీసు, అగ్నిమాపక, వైద్య సహాయములకు ఒక్కటే సంఖ్యగా 112ను 2019లో పలు రాష్ట్రములందు ప్రవేశపెట్టిరి. దానికి మాటతోనే గాక ఎస్.ఎం.ఎస్., ఈమెయిలు, యాప్ ద్వారా కూడ పిలుపు పంపునట్లు ఏర్పాటు చేసిరి. 2016లో చేసిన నియమముల ప్రకారము, 2017 నుండి అమ్ము మామూలు ఫోనులలో 5 గాని 9 గాని అంకెను నొక్కిపట్టినను, స్మార్ట్‌ఫోనులలో పవర్ మీటను వెంటవెంట మూడుమారులు నొక్కినను అత్యవసర పిలుపు పోవు సౌకర్యము ఉండవలెను. ఇది బధిరులకును ఉపకరించును. కాని పిలుపు పోయిన తరువాత ఏమి? ఆవలివారికి మౌనము మాత్రమే వినబడును. దొంగలు పడిరా, నిప్పంటుకొన్నదా, గుండెనొప్పియా అని తెలిసికొనుటకు వారు మరల ఫోను చేసి మాటలాడబోవుదురు. బ్రిటనులో సెల్‌ఫోను నుండి పిలిచి మాటలాడలేని వ్యక్తి 55 నొక్కినచో, అది పొరపాటు పిలుపు కాదని గ్రహించి పోలీసులకు అందింతురు. బధిరులు ముందుగా తమ ఫోనును నమోదు చేసికొని 999కు సందేశము పంపు పద్ధతియు అచ్చట ఉన్నది. నమోదు వలన లాభమేమనగా, మౌనమో సందేశమో వచ్చిన క్షణముననే ఈ ఫోను బధిరులదని కేంద్రమునకు తెలియును. 108 విషయమున ఈ నమోదు మొదటి మెట్టు కావలెనని మేము కోరుచున్నాము. రావల్కోల్ లోని ఆ ఇల్లు, ఆ వీధి, గుడి దాటిన తరువాత ఏ వైపున ఉన్నదో ముందుగానే వ్రాసి ఉన్నచో, బండిలోనివారు అడుగవలసిన ప్రశ్నయే ఉండదు.

రెండవ మెట్టు తెలుగు సంధాన కేంద్రము. దీనికి కావలసిన సామగ్రి మనకు చేరువలోనే ఉన్నది. సికిందరాబాదులో బోయినపల్లి ప్రక్కన మనోవికాస నగరమున, అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్య సంస్థ యొక్క దక్షిణ ప్రాంతీయ కేంద్రము కలదు. 1983లో బొంబాయిలో వెలసిన ఆ సంస్థ పేరు మన హైదరాబాదు వానిదే. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగను, మహారాష్ట్రకు గవర్నరుగను ఉండిన పెద్దమనిషి. మాట, వినికిడి లోపములను ఎరిగిన నిపుణులు ఆ బాటకు ఒక చివర, అత్యవసర పిలుపులను అందుకొను నేర్పరులు మరియొక చివర ఉన్నారు. నడుమ దూరము కొద్ది మైళ్ళే. ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రము సైగల నిఘంటువును 2018లో మూడువేల పదములతో ప్రకటించి, 2021 నాటికి పదివేలకు పెంచినది; 2023లో బధిరుల కొరకు వాట్సాప్ దృశ్య సంభాషణ సౌకర్యమును కూడ ఆరంభించినది. దుబాసీలు చాలినంతమంది లేరను మాట వాస్తవమే. జీతము, రాత్రి పనికి భత్యము, ఉద్యోగ భద్రత చూపినచో చదువుకొన్న యువతీయువకులు ఈ వృత్తికి రాకుండుదురా? బధిరులైన తలిదండ్రులకు పుట్టి, మాటకన్న ముందు సైగ నేర్చిన పిల్లలు మన ఊళ్ళలోనే ఉన్నారు. వారిని మించిన దుబాసీలు దొరకరు.

ధనము సంగతి. టెలిఫోను సౌకర్యము అందని వారికి అందించుటకై కంపెనీల సవరించిన ఆదాయములో నూటికి ఐదు వంతున ప్రభుత్వము చాలకాలముగా వసూలు చేయుచున్నది. 2002లో ఏర్పడిన ఆ నిధికి 2023 నాటి టెలికాం చట్టము డిజిటల్ భారత్ నిధి అని పేరు పెట్టినది. 2024లో చేసిన నియమములలో, ఈ నిధిని వినియోగింపదగిన వర్గములను చెప్పుచు స్త్రీలతోపాటు వికలాంగులను స్పష్టముగా పేర్కొనిరి. అనగా క్రొత్త పన్ను వేయనక్కరలేదు. వ్రాసియున్న అక్షరమును అమలుచేయుమని అడుగు గొంతు కావలెను. అడుగవలసినవారికి గొంతు లేకుండుట చేతనే గదా ఇంత ఆలస్యము. వినువారు వారి పక్షమున అడుగవలెను.

ఆ కేంద్రము వచ్చువరకు ఇంటివారు చేసికొనదగినవి కొన్ని ఉన్నవి. బధిరులున్న ఇంట 112 యాప్‌ను ఫోనులో పెట్టి, ఏ మీట నొక్కిన ఏమగునో పగటిపూట నెమ్మదిగా చూపవలెను. ఇప్పటి చాల ఫోనులలో, ఎంపిక చేసిన నలుగురికి మన ఉన్నచోటును తెలుపు సందేశము ఒక్క మీటతో పోవు ఏర్పాటు ఉన్నది. ఆ నలుగురిలో ఇద్దరైనను నగరమున ఉన్న బిడ్డలు గాక అదే వీధివారై ఉండవలెను. ఊరి పేరు, వీధి, గుర్తు, ఇంటివారి జబ్బులు ముందుగా టైపు చేసి భద్రపరచినచో అవసరమైనపుడు ఒక్క తాకిడితో పంపవచ్చును. అదే సంగతిని పెద్ద అక్షరములతో అట్టమీద వ్రాసి తలుపు వెనుక వ్రేలాడదీసినచో, తలుపు తట్టగా వచ్చిన పొరుగువాడు దానిని చూచి ఫోనులో చదివి చెప్పగలడు. పొరుగువారు పది సైగలైనను నేర్చుకొందురు గాక: నొప్పి, ఊపిరి, నెత్తురు, నిప్పు, పాము, వైద్యుడు. ఇవి నేర్చుటకు ఒక సాయంకాలము చాలును. పిల్లలు పెద్దలకన్న త్వరగా నేర్తురు.

వినువారికి మరియొక మనవి. ఎవరైనను ఫోను చేసి, "నేను ఒక బధిరుని పక్షమున చదివి వినిపించుచున్నాను" అనినచో మోసగాడని తలచి వెంటనే పెట్టివేయవలదు. ఇతర దేశములలో సంధాన సేవ ఆరంభమైన కాలమున అందరికన్న ఎక్కువగా అడ్డుపడినది ఈ అనుమానమే. డబ్బు సంగతి, బ్యాంకు సంఖ్య అడిగినచో జాగ్రత్తపడుట వేరు. మామూలు మాటలైనచో కొంచెము ఆగి వినుడు. నడుమనున్న ఉద్యోగితో "ఆయనకు ఇట్లు చెప్పండి" అనక, నేరుగా ఆ బధిరునితోనే మాటలాడుచున్నట్లు "మీరు ఎప్పుడు వచ్చెదరు?" అని అడుగుడు. మీ వాక్యము అక్షరములై అతనిని చేరుటకు కొన్ని క్షణములు పట్టును. ఆ నిశ్శబ్దమున ఫోను తెగిపోయినదనుకొని "హలో, హలో" అని కేక వేయనక్కరలేదు. అతడు మీ మాటను చదువుకొనుచుండును.